తూకపు ఇల్లు

కౌలు పత్రం పదకొండో పేజీలో ఉంది:
కప్పూ బయటి గోడలూ నగరానివి.
నేల, కిటికీ అద్దాలు, లోపలి సున్నం
అద్దెకున్న మనిషివి.

కప్పుకీ నేలకీ నడుమ
ఆరున్నర మీటర్ల గాలి ఉంది.
దాని గురించి పత్రం ఒక్క ముక్కా అనలేదు.
వాన దిగేది మాత్రం అందులోంచే.

నేను పురపాలక ఇంజనీర్ని.
ఏటా అక్టోబరులో, బాల్టిక్ గాలి
చెవులు మెలిపెట్టే వేళ
రేవు పక్కన ఈ ఇంటికొస్తాను.
ఒకప్పుడు కుర్‌జెమే అవిసె నారంతా
ఇక్కడ తూగాకే ఓడెక్కేది.
దూలానికి ఆ ఇనప త్రాసు ఇంకా వేలాడుతోంది,
ఒక్కో పళ్లెంలో ఒక దూడ పడుకోవచ్చు.

ఇప్పుడిక్కడ వెల్గా అకార్డియన్లు బాగుచేస్తుంది.
పెళ్లిళ్లలో బీరు తాగినవి,
అటక మీద ఎలుకలు తిత్తి కొరికినవి,
చచ్చిపోయిన నావికుల భార్యలు
అమ్మలేక, వాయించలేక తెచ్చిచ్చినవి.
"చెమ్మకి రీడ్లు తుప్పెక్కాయి.
'మి' అనాల్సింది 'మ్మ్' అంటోంది, విను" అని
నా చెవి దగ్గర తిత్తి సాగదీసింది.
నిజమే. జలుబు చేసిన గొంతు.

మూడేళ్ల కిందట అడిగింది:
"రేకు నేనే వేయించుకుంటా, ఖర్చు నాదే."
జవాబు నేనే రాశాను:
వారసత్వ కట్టడం. అనుమతి లేనిదే మేకు దిగరాదు.
అనుమతి ఇవ్వాల్సింది కమిటీ.
కమిటీకి సభ్యులు ఇంకా దొరకలేదు.
అమ్మా పెట్టదు, అడుక్కు తిననివ్వదు.
ఆ ఉత్తరం కింద సంతకం నాది.

లాట్లు పోయాయి, యూరోలొచ్చాయి.
అద్దె రెండుసార్లు పెరిగింది.
చిల్లు తనంతట తానే పెరిగింది.

ఈసారి ఓస్వాల్డ్స్ సభలో బల్ల మీద వేళ్లు తాటించాడు:
"కారుతోంది, కారుతోంది. ఎంత? అంకె చెప్పండి."
అతని ఫైల్లో ఒక హోటల్ కంపెనీ
తొంభై తొమ్మిదేళ్ల కౌలుకి
కాళ్లు చాపుకుని కూర్చుంది.

ఆ రాత్రి వాన. నేనింటికి పోలేదు.
వెల్గా రై రొట్టె కోసింది, పొగబెట్టిన చేప ఒలిచింది.
ఇద్దరం బకెట్ నిండే దాకా కూర్చుని
త్రాసు పళ్లెంలోకి ఎత్తాం.
అవతల గుండ్లు పేర్చాం.
వందేళ్ల దుమ్ము దులుపుకుని ముల్లు కదిలింది,
తటపటాయించింది, నిలబడింది.
తూకపు ఇల్లు తన కన్నీటిని
అని రాయబోయి కొట్టేశాను.
అంకె రాసుకున్నాను.
తెల్లారేసరికి ఎనభై ఆరు కిలోల నాలుగొందల గ్రాములు.

ఖాళీ బకెట్ బోర్లిస్తే అడుగున తెల్ల రంగు అక్షరాలు:
నగర ఆస్తి, నెంబరు 0417.
పదమూడేళ్లలో ఈ ఇంటికి
మేం చేసిన మరమ్మతు అదొక్కటే.

సభలో చదివాను. ఎవరో నవ్వారు.
గుమాస్తా జెంటా కళ్లజోడు సవరించుకుని
"బకెట్ బరువు తీసేశారా?" అంది.
తీసేశానన్నాను.
"ఆ త్రాసుకి ముద్ర ఉందా?" అన్నాడు ఓస్వాల్డ్స్.
లేదు. యాభై ఒకటిలో గడువు తీరింది.
"అయితే ఆ తూకం చెల్లదు."
ముద్ర వేయించాల్సింది ఎవరని నేనడగలేదు.
పన్నెండో పేజీలో ఉంది. మేమే.

విషయం వసంతానికి వాయిదా పడింది.

శనివారం ఆఫీసుకి సెలవు.
నిచ్చెన వెల్గాది. రేకు మా బావమరిది షెడ్డుది.
పైన చెక్క నగరానిది, మెత్తబడి, వేలు పెడితే దిగుతోంది.
తొమ్మిదో మెట్టు మీద ఒక్క క్షణం ఆగాను.
కింద నేల ఆమెది. తల మీద కప్పు మాది.
పత్రం ఊసెత్తని గాలిలో
సుత్తి పట్టుకుని నేను.

"ఏంటాలోచన?" అంది కింద నుంచి,
నోట్లో నాలుగు మేకులు కరుచుకుని,
ముద్దముద్దగా.
"ఒకటందుకో. చెయ్యి లాగుతోంది."