గేదె తిప్ప

ఈ రేవులో బోర్డులు రాసేవాణ్ణి నేనొక్కణ్ణే.
ఒకే చెక్క, రెండు ముఖాలు.
ఇటొచ్చేవాడికి యానాం స్వాగతం,
అటెళ్ళేవాడికి ఆంధ్రప్రదేశ్ స్వాగతం.
వీడ్కోలు రాయమని ఇంతవరకు ఎవరూ అడగలేదు.
రెండు ఆఫీసులూ చెరిసగం ఇచ్చాయి గాని
రంగు మాత్రం
పొడుగు పేరు వాళ్ళకే ఎక్కువ పట్టింది.

మా వీధి కుళాయిది ఒక ప్రభుత్వం,
దాని కింద మురుక్కాలవది ఇంకొకటి.
రాజధానికి పోవాలంటే
పరాయి రాష్ట్రాలు రెండు దాటాలి.
మేనత్తని చూడాలంటే కాలవ దాటితే చాలు,
ఆవిడ రేషను కార్డు రంగే వేరు.

ఊరికి పేర్లకేం కొదవ?
తెల్లదొరలు ముక్కుతో పలికారట.
ఆ పలుకు ఇప్పటికీ వచ్చినవాడు
పింఛను తీసుకునే లాజరు మేస్త్రి ఒక్కడే.
జలుబు చేస్తే మేమూ పలుకుతాం.
ఒకప్పుడు కళ్యాణపురం అన్నారు.
అక్కడ చెల్లని పెళ్ళి ఇక్కడ చెల్లుతుందని
పాలబుగ్గల పిల్లల్ని పడవల్లో తెచ్చి
తెల్లారేలోగా ముళ్ళేయించి పట్టుకుపోయేవారు.
మా మామ్మ అలా వచ్చిన పిల్లే.
"ఏ ఊళ్ళో చేశారో తెలీదురా,
నిద్దట్లో ఉన్నాను" అనేది.

మూడేళ్ళ కిందట, వరద తీశాక
గౌతమి నడిమధ్య ఒక తిప్ప లేచింది.
మొదట చాపంత. తరవాత కళ్ళమంత.
సంగాడి వాళ్ళ చూడి గేదె తప్పిపోయి
ఈదుకుంటూ అక్కడికే పోయి ఈనింది.
వెతుక్కుంటూ వెళ్ళిన నూకరత్నం
జున్నుపాలతో తిరిగొచ్చింది.
"ఎక్కడ దొరికిందే?" అంటే
"గేదె తిప్ప మీద" అంది.
అంతే, బారసాల అయిపోయింది.

రెల్లు మొలిచేదాకా దాన్ని పట్టించుకున్నవాడు లేడు.
రెల్లు మొలిచింది.
గొలుసులు పట్టుకుని వీళ్ళొచ్చారు, వాళ్ళూ వచ్చారు.
ఎర్రటోపీ ఒకవైపు, ఖాకీటోపీ ఒకవైపు,
మధ్యలో దూడ.
హద్దు నడిమిధార అన్నారు.
నడిమిధార ఎక్కడుందో చూపించమన్నారు.
నూకరత్నం మొగుడు పోలయ్య తెడ్డు మీద గడ్డమానించి
"పోటుకి ఇటండి, పాటుకి అటండి, ఆయ్.
కాయితం మీద ఏ ఏళకి పెట్టుకుంటారో తమ దయ" అన్నాడు.

రెండు ఆఫీసుల నుంచీ నాకు కబురొచ్చింది.
ఒకరు చనిపోయిన నాయకుడి పేరు రాయమన్నారు,
ఒకరు ఇంకా చనిపోని నాయకుడిది.
గేదె ఊసు ఎవరూ ఎత్తలేదు.
పాత అలవాటు కదా,
ఒకే చెక్క తీశాను.

రెండోవైపు రంగు ఆరుతుండగా
ధవళేశ్వరంలో మూడో హెచ్చరిక అన్నారు.
మూడు రాత్రులు ఊరంతా మేడల మీదే.
నాలుగో పొద్దున చూస్తే
ఏటి మధ్య ఏరే ఉంది.
గొలుసుల వాళ్ళు ఫైలు కట్టేశారు,
నా కూలి ఆ ఫైల్లోనే ఉండిపోయింది.

వలగాళ్ళు మాత్రం ఇప్పటికీ
చీకట్లో పడవ నుంచి పడవకి కేకేసుకుంటారు.
"ఎక్కడేశావురా?"
"గేదె తిప్ప మీద!"
కింద మూడు బారల లోతు నీళ్ళు.
జెల్లలు అక్కడే బాగా పడతాయట.

చెక్క నూకరత్నం అడిగి పట్టుకుపోయింది.
మంగళవారం సంతలో దాని మీదే చేపలు కోస్తుంది.
ఒకవైపు గుంటపడితే
తిరగేసి రెండోవైపు.
మొన్న వంగి చూశాను.
పొలుసుల కింద సున్నా ఒకటి మిగిలింది.
అది ఏ పేరులోదో
రాసిన నాకే తెలియలేదు.
"ఏం చూత్తన్నావ్ బావా?" అంది కత్తి ఆపి.
పండుగొప్ప ఎంతకిస్తావని అడిగాను.