నూట ముప్పై తొమ్మిది

ఆ పరీక్షలో సున్నా
నూట ముప్పై దగ్గర మొదలవుతుంది.
అన్నీ తప్పులే పెట్టినా నూట ముప్పై ఇచ్చి పంపుతారు.
నాకు మాటల్లో నూట ముప్పై తొమ్మిది.
తీసేస్తే తొమ్మిది.
లెక్కలు నాకు బాగానే వచ్చు,
అందుకే సిరిపురం జంక్షన్ దాటకముందే
ఆ తీసివేత చేసేశాను.

ఇంట్లో లెక్కల మార్కు ఒక్కటే చెప్పాను.
అమ్మ అప్పటికప్పుడు
పక్కవాటాల వాళ్లందరికీ మాడుగుల హల్వా పంచింది.

మర్నాటి నుంచి చీటీలు.
ఊచకి గుచ్చిన పాత కరెంటు బిల్లులు తీసి
ఒక్కోదాని వెనక ఒక్కో ఇంగ్లీషు మాట రాసి
రబ్బరు బ్యాండు చుట్టి,
కంచరపాలెం నుంచి కాంప్లెక్స్ దాకా
బస్సులో పెదవులు కదుపుతూ.

"ఏ దేవుడి పేరమ్మా అది,
అన్నిసార్లు తలుస్తన్నావు?"
పక్కసీటు ముసలమ్మ.
నేనప్పుడు అంటున్నది గార్యులస్.
అంటే ఆపకుండా వాగే మనిషి.
ఊర్వశి దగ్గర మొదలుపెట్టి
ముగ్గురు కోడళ్లనీ, ఒక ఆడపడుచునీ,
మోకాలికి రాసే తైలాన్నీ
వరసగా చెప్పుకొచ్చింది.
ఆవిడ దిగిపోయింది,
మాట నా దగ్గర ఉండిపోయింది.

అలా దొరికింది కిటుకు.
మాటని ఎంత నమిలినా ఒంటబట్టదు,
దానికో సంబంధం చూడాలి.

టాసిటర్న్‌కి కుదిరినవాడు పైడిరాజు,
ద్వారకానగర్ కోచింగ్ సెంటరు లిఫ్టు మనిషి.
ఏ అంతస్తని అడగడు,
నా వేలి వంక చూస్తాడు, అంతే.
ఎఫెమరల్‌ని జాలరిపేట ఒడ్డున వదిలొచ్చాను:
ఎండ్రకాయ పిల్ల ఇసక ఉండలతో పెట్టిన ముగ్గు,
ఇంకో అల వచ్చేదాకా.
అబ్‌డ్యురేట్‌కి మాత్రం మనిషి దొరక్క
డాల్ఫిన్స్ నోస్ కొండకే కట్టబెట్టాను.
ఎన్నేళ్లుగానో సముద్రం బతిమాలుతోంది,
కొండ పలకదు.

మెండేషియస్.
అబద్ధాలకోరు.
ఈ చీటీ నాలుగు రోజులు
అడుగునే పెట్టుకుని తిరిగాను.
ఐదో రోజు అమ్మ
హల్వా డబ్బా బూడిదేసి తోముతోంది,
పోపుగింజలకి పనికొస్తుందని.
ఇక వెతకనక్కర్లేకపోయింది.

"అమ్మా, మాటల్లో నాకు తొమ్మిదే వచ్చింది."
"ఏటే, తొమ్మిదా? పదికి?"
ముఖం ఎంత వెలిగిందో.
"నలభైకి."
కుళాయి కట్టేసింది.
"మరి హల్వా తినీసారు కదే అందరూ."
"తినేశారు."
"సరే, ఇప్పుడేటి సేస్తాం."

ఆ రాత్రి కవళ్లు బాగు చేస్తూ
చీటీలు ఇలా తెమ్మంది.
అమ్మకి ఇంగ్లీషు రాదు.
బిల్లు ముఖం తనవైపు, మాట నావైపు కాకుండా నేలకేసి.
"ఐదొందల డెబ్బయ్యారు రూపాయల మాటేటి, సెప్పు?"
అంకెలు చూసి అడుగుతుంది.
నేను చెప్తాను. నిజమో కాదో ఆమెకు తెలీదు,
నా గొంతు తడబడితే మాత్రం తెలుస్తుంది.
"కాదు. మళ్లీ సెప్పు."

వేసవి నెలల మాటలు ఖరీదు.
కూలరు కొన్న ఏడాదివి మరీను.
మా ఇద్దరికీ ఇప్పుడు లోభికి తొమ్మిదొందల పన్నెండు,
పొగడ్తకి నాలుగొందల నలభై.

నిన్న ఒకటి తీసి దీపం దగ్గరగా పట్టుకుంది.
తుఫాను నెలది.
"ఈధి ఈధంతా సీకటి కదే ఆ నెల,
ఒక్క బల్బు ఎలగలేదు,
అయినా సూడు, కనీస సార్జీ ఏసీసాడు."
"ఎంత?"
"నూట ముప్పై."

ఆ చీటీ వెనక ఏ మాట రాశానో
ఎంతకీ గుర్తుకు రాలేదు.
అమ్మ తిప్పి చూపించలేదు.
చేపపొలుసు అంటిన వేళ్లతో
అలాగే పట్టుకుని కూర్చుంది.
మళ్లీ పరీక్షకి
ఇంకా ముప్పై ఎనిమిది రోజులుంది.