తూము, మూడో విడుదల

రాత్రి పదకొండూ నలభై.
హాలియాల ఎరువుల దుకాణం షట్టరు సగం దించి
యూరియా వాసనల కూసున్న.
మీద ఫ్యాను, ముందట పాత ల్యాప్‌టాప్,
రెండింటికీ ఒకటే దమ్ము.

విడుదల అని రాసి ఆగిన.

మా దిక్కు ఈ మాటకు తడి ఉంటది.
ఎడమ కాల్వకు నీళ్లు ఎన్నడు ఇడుస్తరో అని
నారు పోసినోడూ పోయనోడూ
చాయ్ హోటల్ల ఒకటే పేపరు గుంజుకొని చదివే మాట.
జైలుది గాదు, సినిమాది గాదు,
మాకు విడుదలంటే
గేటు కింద నురుగు.

అందుకే ఆరేండ్ల కింద దీనికి తూము అని పేరువెట్టిన.
వెనక ఎంత చెరువన్న ఉండనీ,
ముందట మడి ఎంతుందో అంతే ఇడవాలె.
పని గంతే.
తక్కిందంత కోడ్.

ఇగ చెప్తున్న, ఇనుండ్రి.
తూము మూడో కూర్పు ఈ రాత్రి నుంచి మీ చేతులల్ల.
పైస లేదు, దరఖాస్తు లేదు.
ఎవరి పొలంలకన్న మలుపుకోండ్రి,
గట్టు తెంపి కొత్త పిల్లకాల్వ తీసుకోండ్రి.
షరతు ఒక్కటే,
మలుపుకున్నోడు కిందిపొలపోనికి
అడ్డం కట్టొద్దు.

పోయిన చలికాలం మక్తల్ నుంచి షాహెదా రాసింది:
"అన్నా, మీ తూముల 'క్ష్మి' పగులుతున్నది.
మా రేషన్ లిస్టుల లక్ష్ములందరు
సగం సగం అయిన్రు."
నవ్విన.
తర్వాత పదకొండు రాత్రులు నవ్వలే.
ఒక్క అక్షరమే అనుకుంటం గాని
లోపట ఆరుగురు చెయ్యి చెయ్యి పట్టుకొని నిలవడ్డరు,
నడుమ తెంపితే ఒక మనిషి పేరు పోతది.
ఇప్పుడు తెగదు.
తెగకుండ పట్టుకున్న ఆ ఇరవై లైన్లు ఆమెవే,
నేను కామాలు సరిచేసిన.

కాల్వకున్నట్టే నెట్‌కూ చివరాయకట్టు ఉంటది.
దేవరకొండ అవతల తండాల మోతీలాల్
గుట్టెక్కితేనే రెండు గీతలు,
దిగితే అవీ లేవు.
సగం పంపిన ఫారం మళ్ల మొదటి నుంచి,
మళ్ల గుట్ట.
ఈసారి వారబందీ పెట్టినం:
ఎక్కడ ఆగిందో తూము యాదివెట్టుకుంటది,
గీతలు రాంగనే ఆడి నుంచే పారుతది.
మోతీలాల్ గుట్ట దిగి పరీక్ష చేసిండు.
"చెప్పులు అరుగుడు తగ్గింది" అని
ఒక్క వాక్యం పంపిండు.

ఒకటి చెప్పాలె, చెప్పబుద్ధి అయితలేదు.
"ఆగు" అనే ఫంక్షన్ తీసేసినం.
తూముకు మొట్టమొదటి లైను అది.
నల్లగొండ పాలిటెక్నిక్ హాస్టల్ల
కరెంటు పోయిన రాత్రి, బ్యాటరీ తొమ్మిది శాతం ఉన్నప్పుడు
ఇస్తారి రాసిండు.
ఇప్పుడు వాడు వరికోత మిషన్ నడుపుతుండు,
సీజన్ల ఫోన్ ఎత్తడు.
మొన్న ఎత్తిండు. చెప్పిన.
చానసేపు ఇంజను చప్పుడే ఇనొచ్చింది.
"తీసెయ్ రా, తుప్పువట్టిన గేటు
ఎన్నొద్దులు గుంజుతవు" అన్నడు.
పెట్టేసే ముందు, "పేరన్న ఉంచు" అన్నడు.
ఉంచిన.
పాత కోడ్‌ల ఎవరన్న ఆగు అని పిలిస్తే
తెర మీద ఇట్ల వస్తది:
ఇస్తారి కోతకు పోయిండు. నిలుపును పిలువుండ్రి.

తెలిసిన లోపాలు మూడు, కింద రాసిన.
నాలుగోది మీకే తెలుస్తది.
తిట్టుకుంటనన్న రాయుండ్రి.

టార్చి షట్టరు కింద నుంచి లోపటికొచ్చింది.
లష్కర్ బుచ్చిరాములు,
కాల్వ దిక్కు పోతూ వంగి చూసిండు.
"ఇంక బంద్ చెయ్యలేవా?"
"విడుదల చేస్తున్న."
"ఎన్ని క్యూసెక్కులు?"
ఏం చెప్పాల్నో తెల్వక బటన్ నొక్కిన.
ఏం కాలే. చప్పుడు లేదు, నురుగు లేదు.
ఆయన కొద్దిసేపు తెర దిక్కు చూసిండు.
"నేను తిప్పినా గంతే,
ఆడికి పోవాలె గద నీళ్లు."
సైకిలెక్కి పోయిండు.

పన్నెండూ ఏడుకు
దించుకున్నోళ్ల లెక్క సున్నా నుంచి ఒకటయింది.
ఏ ఊరో చూపియ్యలే.
షట్టరు పూర్తిగ దించి తాళమేసిన,
చేతులకు ఇంక యూరియా.