ఎడమ చెవి

కొలిమి ఆర్పేసిన నెలకి
నాన్న ఒక కారు కొన్నాడు.
కొన్నాడు అనకూడదేమో.
మార్గమ్ అవతల ఎవరిదో కోళ్లగూడు పక్కన
పదమూడేళ్లుగా పడున్నదాన్ని
తాళ్లు కట్టి లాక్కొచ్చాడు.
ఎర్ర ట్రయంఫ్ స్పిట్‌ఫైర్.
ఎరుపులో కొంత రంగు, చాలావరకు తుప్పు.
సీటు కింద రెండు గుడ్లు ఉచితం.

"ఇల్లు కారుతుంటే కారేమిటి, ఎమ్లిన్?"
అంది అమ్మ, నైట్ డ్యూటీకి కోటు తొడుక్కుంటూ.
నాన్న పైకప్పు చూశాడు,
దాని కింది బకెట్ చూశాడు,
స్పానర్ల పెట్టె పట్టుకుని గరాజ్‌లోకి పోయాడు.
పదహారేళ్లదానికి శనివారం
అంతకన్నా మంచి పనులు లేవా అంటే, ఉన్నాయి.
అయినా వెనకే వెళ్లాను.
ఆయన తలుపు వేసుకున్న తీరు నాకు నచ్చలేదు.

డోరు కింది రేకు
స్క్రూడ్రైవర్ ఆన్చితే అప్పడంలా విరిగింది.
"మన మిల్లు రేకే అయ్యుంటుంది, మోర్వెన్.
మీ తాత చేతిమీదుగా వచ్చిందేమో."
"అయితే తాత పని సరిగ్గా చెయ్యలేదన్నమాట."
నాలుగు నెలల్లో మొదటిసారి
నాన్న పళ్లు చూశాను.

బోల్టు బిగించేటప్పుడు వెల్ష్‌లో లెక్కపెడతాడు:
ఇన్, డై, ట్రీ.
నాలుగు దగ్గర ఆగాలి.
ఒకసారి నేను ఐదుకు పోయాను. మర తెగింది.
ఆయన ఏమీ అనలేదు.
తెగిన ముక్కని బయటికి రప్పించడానికి
మా ఇద్దరికీ రెండు ఆదివారాలు పట్టింది.
తిట్టుంటే ఐదు నిమిషాల్లో అయిపోయేది.

మార్చిలో ఇంజను పలికింది.
పలకడమంటే, ముసలాయన దగ్గు.
రెండు కార్బురేటర్లు
ఒకే ఊపిరి పీల్చాలట.
రబ్బరు గొట్టం ఒక కొస దాని నోటి దగ్గర,
ఇంకో కొస మనిషి చెవిలో.
నాన్న విన్నాడు.
మళ్లీ విన్నాడు. చెవి మార్చాడు.
స్క్రూ తిప్పాడు, తప్పు వైపుకి.

అప్పుడు తెలిసింది నాకు.

ఇరవై ఏడేళ్లు రోలింగ్ మిల్లు పక్కన నిలబడ్డ మనిషి.
అమ్మ పిలిస్తే తిరగనప్పుడు పొగరనుకున్నాం.
నా మాటకు ఊఁ కొట్టనప్పుడు
నేనంటే విసుగనుకున్నాను.
మా ఇంటి తగాదాల్లో సగం
వినపడక జరిగినవే.

ఆయన గొట్టం కొసని
చొక్కా అంచుతో తుడిచి నా చేతిలో పెట్టాడు.
నా మొహం చూడకుండా.
"నువ్వు విను."

"ముందుది బుస కొడుతోంది. వెనకది సన్నగా."
"ఎంత సన్నగా?"
నేను గట్టిగానే చెప్పాను, ఆయన కుడివైపుకి వెళ్లి:
"ముందుది సముద్రం. వెనకది కుళాయి."
పావు మలుపు.
ఇంకో పావు. కాస్త వెనక్కి.
కలిసింది.
తంబుర తీగ మీద తీగ వాలినట్టు
రెండు గాలులూ ఒకటే శ్రుతి.
మాట రాక బొటనవేలెత్తాను.
నాన్న బానెట్ అంచు మీద అరచెయ్యి ఆన్చి
కళ్లు మూసుకున్నాడు,
జ్వరం చూస్తున్నట్టు.
వేళ్లతో విన్నాడనుకుంటా.

ఏప్రిల్‌లో బయటికి తీశాం.
ఉన్నవి రెండు సీట్లే;
అమ్మ యూనిఫాంలోనే గుమ్మంలో నిలబడి
"బ్రేకులున్నాయా?" అని అరిచింది.
"ఏమంది?" అన్నాడు.
"బాగుందంది" అన్నాను.
(బకెట్ ఇంకా అక్కడే ఉంది.
కప్పు సంగతి వచ్చే నెలంట.)

తీరం రోడ్డు. ఒకటే వైపర్, ఉప్పువాన.
పక్కన పొగలేని గొట్టాలు వరసగా వచ్చాయి.
నాన్న అటు చూడలేదు,
గేరు మాత్రం మార్చాడు, అవసరం లేకుండానే.

ఎడమ వెనక చక్రం దగ్గర
టిక్కు, టిక్కు, టిక్కు.
చిన్నదే. నట్టు వదులయ్యుంటుంది.
ఆయనకు వినపడదు.
ఏదో కూనిరాగం తీస్తున్నాడు, బొత్తిగా తాళం లేదు.

చెప్తాను.
ఆ మలుపు తిరగనీ.