బేరింగ్ చప్పుడు

సెనేట్ హాల్లో, జీడిపప్పు ప్లేట్ల మధ్య
ఒక నీటి మోటారు పెట్టించారు కొత్త వీసీ గారు.
ఐదు హార్స్ పవర్. ఒంటినిండా వంశధార బురద.
బల్ల గీసుకుపోకుండా కింద పాత పేపరు.

"ఇది తిరగడం లేదు," అన్నారావిడ.
"ఎవరైనా విప్పుతారా?"

పదకొండు మంది ఆచార్యులం.
అందరిదీ కలిపితే రెండొందల డెబ్బై ఏళ్ల సర్వీసు.
ఒకాయన కళ్లద్దాలు తుడుచుకున్నారు.
ఒకాయన ఇది ఎలక్ట్రికల్ వాళ్ల పరిధి అన్నారు.
షాఫ్టు మెకానికల్‌దే కదా అన్నారు ఎలక్ట్రికల్ వాళ్లు.
నేను పెన్ను మూత బిగించాను,
అదివరకే బిగించి ఉన్న మూతని.

టీ కప్పులు తియ్యడానికొచ్చిన అటెండరు
"స్పానరుందా అమ్మా?" అనడిగాడు.
వర్క్‌షాపుకి మనిషిని పంపితే
తాళం తుప్పుపట్టి తెరుచుకోలేదట.

ఎజెండాలో ఇరవై ఆరు అంశాలు.
మొదటిది దాటలేదు మేం.

*

నా నోట్సు రెండువేల మూడు నాటిది.
అంచులు పెసరట్టు అంచుల్లా పెళుసెక్కాయి.
నలభయ్యో పేజీలో బేరింగ్ బొమ్మ.
ఇరవై రెండు బ్యాచీలు దాన్ని దించుకున్నాయి,
నేను తప్పుగా వేసిన బాణం గుర్తుతో సహా.
ఎవరూ అడగలేదు.
అడగకపోవడాన్ని నేను క్రమశిక్షణ అనుకున్నాను.

వేసవిలో సర్క్యులర్ వచ్చింది:
రెండో ఏడాది నుంచి సగం మార్కులు యంత్రం ముందే.
పరీక్షకుల జాబితాలో ఐదో పేరు
పొట్నూరు దాలయ్య, మోటారు వైండింగ్,
డే అండ్ నైట్ కూడలి, పాన్ షాపు వెనక.
విద్యార్హత అన్న గడిలో ఒక గీత.

సంతకాల కాగితం నా దగ్గరకీ వచ్చింది.
పెట్టాను. దాచడమెందుకు?
ఎనిమిది గట్టెక్కనివాడు
నా పిల్లలకి మార్కులేస్తాడా అని పెట్టాను.

నరసన్నపేట నుంచి, టెక్కలి నుంచి
ఆటోలు కట్టుకుని వచ్చారు తండ్రులు:
"పీజులు కట్టింది రెంచీలు పట్టడానికేటి?
ఆ పని షెడ్డులో ఊరికే నేర్పుతారు కదేటి!"
ఆవిడ ఎండలో నిలబడి అందరి మాటా విన్నారు.
గొప్ప జవాబేమీ చెప్పలేదు.
"షెడ్డులో ఊరికే దొరికేది
ఇక్కడ లక్ష పెట్టినా దొరకట్లేదు,
అదే నా బాధండీ," అన్నారు.
కొందరు వెళ్లిపోయారు. కొందరు వెళ్లలేదు.

*

పరీక్షలో ప్రశ్న ఒక్కటే.
దాలయ్య స్విచ్చి వేశాడు.
"సెప్పండి బావూ, ఈ సప్పుడు ఏటంతంది?"

ఒకడు సూత్రం రాశాడు.
ఒకడు బేరింగ్ నిర్వచనం అప్పజెప్పాడు,
నా గొంతుతో, నేను ఆగే చోటే ఆగుతూ.
దాలయ్య నవ్వలేదు, కసరలేదు.
స్క్రూడ్రైవరు మొన మోటారుకి ఆనించి
పిడి చెవి ఎముకకి పెట్టుకోమన్నాడు.

పేడాడ యామిని, మూడో బెంచీ,
నా క్లాసులో ఏనాడూ నోరు విప్పని గుంట,
కళ్లు మూసుకుని చాలాసేపు వింది.
"రెండు చప్పుళ్లున్నాయండి.
ఒకటి ఇసుక నమిలినట్టు.
రెండోది ఏంటో నాకు తెలీట్లేదు."

పదికి పది వేశాడు దాలయ్య.
"రెండోది నాకూ తెల్దు. ఇప్పి సూద్దుం రా తల్లీ."

తెలీదన్న మాటకి మార్కులుంటాయని
ఇన్నేళ్లలో నాకెవరూ చెప్పలేదు.

*

ఆ సెమిస్టరు సగం మంది తప్పారు.
మా ర్యాంకు జారింది, పేపర్లో పడింది.
ఆవిడ మరో ఏడాది ఉంటారో ఉండరో.
సంతకం వెనక్కి తీసుకోడానికి ఫారం ఉందట,
ఏ బీరువాలో ఉందో ఎవరికీ తెలీదు.

నిన్న సాయంత్రం అందరూ వెళ్లాక
వర్క్‌షాపులో లైటు వేశాను.
కొత్త తాళం, సులువుగానే తెరుచుకుంది.
మోటారు తిప్పి, స్క్రూడ్రైవరు ఆనించి,
చెవి ఒగ్గాను.

ముందు నా గాజుల చప్పుడే వినబడింది.
తీసి,
నలభయ్యో పేజీ మీద పెట్టాను.