రాత్రి పదిన్నర దాటాక

పగలు మా సూదికి ఏమీ దొరకదు.
ఊపిరితిత్తుల లోతున ముసుగుతన్ని పడుకుంటాయవి.
దోమ కుట్టే వేళకే
చర్మం అంచుకొచ్చి ఎదురుచూస్తాయి.
అందుకే జాలారిపేటలో
పదిన్నర దాటాక తలుపులు కొడతాం,
నేనూ, టార్చి పట్టుకున్న అప్పలకొండా.

"పగలు రాకూడదేటి?"
విసుక్కుంటూనే వేలు చాపుతారు.
అంటిన చేపపొలుసు తుడిచి
ఒక పోటు. మూడు చుక్కలు.
గాజుపలక మీద అంకె.

తవిటమ్మ అరుగు దిగలేదు.
తడిసిన వలమూటంత కాలు
చీర కింద దాచుకుని
"నాది తియ్యవేటి?" అంది.
తీశాను. దొరకదని తెలిసే తీశాను.
కాలుని అలా కట్టిపడేసి
ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటాయవి.

మనవడు యర్రయ్య
భుజాన తాడుచుట్టతో ఆగాడు.
రాయిలాంటి ఒళ్ళు, జ్వరమెరగడు.
"నాకేటైంది? బేగి కానియ్యి,
రెండింటికి ఏటకెల్లాల."

మర్నాడు పాతపోస్టాఫీసు దగ్గరి ల్యాబులో
పలకలు నీళ్ళలో ముంచితే
ఎరుపంతా పొగలా విడిపోయింది.
రంగేసి, ఆరబెట్టి, కన్ను ఆనించాను.
తవిటమ్మది ఖాళీ.
నలభై ఒకటో పలకలో
ఊదారంగు దారప్పోగులు
పదకొండు.
మళ్ళీ లెక్కపెట్టాను.
పదకొండే.

కిటికీ అవతల
డాల్ఫిన్ నోస్ కొండ చుట్టి
బోట్లు తిరిగొస్తున్నాయి.
మాత్రలు సంచిలో వేసుకుని
హార్బరుకి నడిచాను,
కాలు ఇంకా కాలులాగే ఉన్న కుర్రాడికి
ఏం చెప్పి మింగించాలో
వెతుక్కుంటూ.