సున్నాకు ముందు

నయీంనగర్ల నిఖత్ చాయ్ దుకాణం, షట్టరు సగం దించి ఉన్నది.
లోపల నేను, మోకాళ్ళ మీద,
పిన్‌బాల్ మిషను కడుపుల తలకాయ పెట్టి.

కాజీపేట రైల్వే ఇన్‌స్టిట్యూట్ వెనుక గది ఖాళీ చేసిన్నాడు
తుక్కు కింద మూడువేల ఐదొందలకు కొన్నదట.
అద్దం మీద సర్కస్ పిల్ల.
ఒక కన్ను పెచ్చులూడింది,
ఇంకో కంటితోని నవ్వుతనే ఉన్నది.

"బల్బులు వెలుగుతయి సార్. బటన్ ఒత్తితే టక్కుమంటది. గంతే."
టక్కుమన్నదంటే పానం ఉన్నట్టే, అన్న.
ముప్పై నాలుగేండ్లు సిగ్నల్ మెయింటెయినర్‌ను.
రిలే మాట అర్థమైనంత
మనిషి మాట నాకు కాదని మా ఆమె అంటది.

అలవాటు పోలే. మూత ఇప్పేముందు
ఆమె బిల్లు పుస్తకంలనే ఒక కాయితం మీద రాసిచ్చిన:
"పదీ పదికి గేర్ ఇప్పుతున్న. ఆట బంద్."
నవ్వుకుంట సంతకం పెట్టింది.
సంతకం లేంది తీగ ముట్టుడు ఈ చేతులకు రాదు.

నక్షా కాయితం ఎలుకలు తిన్నయి.
గుడ్డ తొడిగిన తీగలన్నీ పాత చింతపండు రంగు.
ఎర్రదేదో పచ్చదేదో గోటితోని గీకి చూసుకోవాలె.
అడుగున బొద్దింక రెక్కలు,
తామరపువ్వు ఇరవై పైసల బిళ్ళ ఒకటి.

ట్రాన్స్‌ఫార్మర్ నూటపది ఇస్తున్నది. ఫ్యూజు మంచిగనే ఉన్నది.
స్టార్టు రిలే లేస్తున్నది, పడుతున్నది.
టెస్టు ల్యాంపు కొస పెట్టుకుంట పోయిన.
ఇక్కడ ఉంది.
ఇక్కడ ఉంది.
ఇక్కడా, కొంచెం వణుక్కుంట, ఉంది.
ఇక్కడ లేదు.

ఏ తప్పైనా గింత జాగలనే కూసుంటది,
ఉన్నదానికి లేనిదానికి నడుమ బెత్తెడు.

టార్చి కొట్టి చూస్తే, రీసెట్ రిలే రెండు రేకుల నడుమ
ప్లాట్‌ఫారం టికెట్టు, పాత అట్టది.
తుప్పు కాదు, దుమ్ము కాదు.
కత్తెరతోని సాఫుగ కోసి, ఒక్క మడత పెట్టి,
రేకు వంగకుంట దూర్చిండ్రు. పని తెలిసిన చెయ్యి.

తలెత్తి చూసిన. అంకెలు ఎన్నేండ్ల సందో అట్లనే ఉన్నయి:
ఎనిమిదివేల నాలుగొందల అరువై.
ఇది ఖరాబు కాలే, ఆపిండ్రు, అన్న.
ఆ నంబరు చెరిగిపోకుంట.

"ఎవరిది సార్?"
తెలువదు. కథ చెప్పొచ్చు,
కని రిజిస్టర్ల లేని ముచ్చట నేను చెప్ప.
"గెలిచినోడే పెట్టుకున్నడేమో" అన్న ఊకుండలేక.
ఆమె గిలాస కడుగుడు ఆపింది.
"సొంత నంబరు కోసం ఎవరు గిట్ల చేస్తరు సార్,
ఇంకొకరిదైతెనే చేస్తరు."

శాన సేపు ఎవ్వరం మాట్లాడలే.
చాయ్ పొంగి పొయ్యి మీద పడ్డది.

చెవి మీది పెన్సిలు తీసి
తలుపు లోపలి చెక్క మీద ఆ నంబరు రాసిన. తారీఖు ఎయ్యలే,
నాకు తెల్వని తారీఖు అది.
ఆమె దిక్కు చూసిన. తలూపింది.
పట్టకారుతోని గుంజిన.

ఈ చక్రాలు ఎనకకు తిరుగవు.
ముందుకే పోయి సున్నా కావాలె.
ఎనిమిది రెండడుగులల్ల చేరింది. ఆరు నాలుగడుగులల్ల.
నాలుగే అందరికంటె దూరం నడిచింది,
ఒక్కతే, గూడ్సు బండి ఆఖరు పెట్టె తీరు దడదడలాడుకుంట.
ఒకట్ల సున్నా కదలనే లేదు. అదెప్పుడో వచ్చి కూసున్నది.

గోలీ గాడిల పడ్డది. నిఖత్ స్ప్రింగు గుంజి ఇడిచింది.
మూడు పదులు మోగినయి.
కిందికొస్తున్న గోలీకి ఎడమ రెక్క లేవలే.
సందుల పడి పోయింది.

"ఇది కూడ ఎవరన్న పెట్టిందేనా సార్?"
కాదు బిడ్డా, ఇది ఉత్త ఖరాబే, అన్న.
పానం కొంచెం నిమ్మలమైంది.

ఆమె ఆ అట్ట ముక్కను గల్లల చిల్లర పక్కన పెట్టి
బిల్లు పుస్తకం నా దిక్కు జరిపింది,
కొత్త కాయితం తిప్పి.